సముద్రం గాలి తగిలే బాల్కనీలో స్టూలుకి ఏ కర్ర మంచిది?

సగం_ఉలి
ఇదే నా మొదటి కర్రపని. చినవాల్తేరులో నాలుగో అంతస్తులో ఉంటున్నాం, బాల్కనీ సముద్రం వైపు. అక్కడ వేసుకోవడానికి అడుగున్నర ఎత్తు స్టూలు చేద్దామని. రంపం, రెండు ఉలులు, ఒక చిత్రిక ఉన్నాయి. మీకు ఇష్టమైన కర్ర ఏది, ఎందుకు? దయచేసి ప్లైవుడ్ అనకండి.

బాడిత
టేకు.

పెందుర్తి_పనస
ఈ జవాబు వస్తుందని ముందే తెలుసు. మొదటి స్టూలుకి టేకా? ఒక కాలు పొట్టిగా కోసేశారనుకోండి, మళ్లీ కలప డిపోకి పరుగెత్తి ఆ ధర పెట్టాలి. భయంతో రంపం ఆడదు.

నా ఓటు పనసకి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మా పెరట్లో పనస చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. వంటచెరుకుకి అడిగారు, మా నాన్నగారు ఇవ్వలేదు. సామిల్లులో అంగుళంన్నర పలకలు కోయించి, మధ్యలో పుల్లలు పెట్టి, షెడ్డులో నీడకి పేర్చాం. రెండేళ్లు ముట్టుకోలేదు. మొదటిసారి చిత్రిక పట్టినప్పుడు పసుపు కొమ్ము విరిచినట్టు ఉంది లోపల. ఇప్పుడు అదే పలక బెల్లం పాకం రంగుకి తిరిగింది. రెండు పీటలు, ఒక ఉయ్యాల బల్ల చేశాను. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో వాడేది కూడా పనసే కదా, ఊరికే వాడతారా?

బాడిత
వీణ మీద కూర్చుంటారా బాబూ?

వీణ ఇంట్లో గుడ్డ కప్పుకుని ఉంటుంది. స్టూలు బాల్కనీలో జల్లు కొడితే తడుస్తుంది, ఎండకి కాగుతుంది. టేకు చేవలో, అంటే దుంగ మధ్యలో ఉండే ముదురు కర్రలో, నూనె ఉంటుంది, చెద అంత తొందరగా దగ్గరికి రాదు. వానాకాలం ఉబ్బడం, ఎండాకాలం కుంచించుకోవడం కూడా తక్కువ. పచ్చి దుంగ పూర్తిగా ఎండేసరికి వెడల్పులో ఆరు శాతం లోపే తగ్గుతుంది. 31 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను.

లంకెలపాలెం_లేత్
నల్లమద్ది చూడండి. చౌక, గట్టి.

బాడిత
గట్టే. మేకు దిగదు, ఉలి అంచు నిలవదు. ఆ అబ్బాయికి ఉన్నవే రెండు ఉలులు.

వరాహ_ఒడ్డు
మా ఏటికొప్పాక వైపు అంకుడు కర్ర ఉంటుంది. తెల్లగా, మెత్తగా, ఎటు తిప్పినా ఒకేలా తెగుతుంది. లేత్ మీద తిరుగుతున్నప్పుడు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే రంగు కరిగి పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. స్టూలుకి పనికిరాదనుకోండి, కానీ అడిగింది ఇష్టమైన కర్ర గురించి కదా.

పెందుర్తి_పనస
మేస్త్రిగారూ, టేకులో చేవ ఉంటుంది సరే. కానీ ఇప్పుడు డిపోలో దొరికేది తోటల్లో వేసిన పదిహేనేళ్ల టేకు. సగానికి పైగా తెల్లచెక్కే, అంటే తొక్క కింద ఉండే లేత కర్రే. ఆ తెల్లచెక్కకి చెదా పడుతుంది, పుచ్చూ పడుతుంది. పేరు టేకు, ధర టేకు, లోపల చేవ లేదు. నేను చెప్పేది ముదురు పనస. మా చెట్టుకి నలభై ఏళ్లు.

బాడిత
అందుకే చూసి కొనాలి. కోసిన కొన దగ్గర చూస్తే చేవ ఎంత, తెల్లచెక్క ఎంత అని తెలిసిపోతుంది. కాస్త గీకి వాసన చూడండి, తోలు వాసన వస్తుంది. కొనడం రాకపోవడం కర్ర తప్పు కాదు.

లెక్కల_పిచ్చి
కొనడం అంటే గుర్తొచ్చింది. దుంగ కొలిచేటప్పుడు చుట్టుకొలతలో నాలుగోవంతు తీసి, దాని వర్గాన్ని పొడవుతో గుణిస్తారు. చుట్టు 4 అడుగులు, పొడవు 10 అడుగులు అనుకోండి. డిపో లెక్కలో 10 ఘనపుటడుగులు. నిజంగా గుండ్రటి దుంగ అయితే 12.73. అంటే కొనేవాడికి 2.73 కలిసొచ్చినట్టు.

బాడిత
ఏటండీ కలిసొచ్చేది? నాలుగు పక్కలా చెక్కితే తొక్కా, తెల్లచెక్కా పోవా?

లెక్కల_పిచ్చి
పోతాయి. చదరం చేస్తే 8.1 మిగులుతుంది. డబ్బు కట్టింది 10కి. మీరన్నది నిజమే, నష్టం 1.9.

లంకెలపాలెం_లేత్
దుంగ ఎక్కడైనా అంత గుండ్రంగా ఉంటుందా మాస్టారూ?

లెక్కల_పిచ్చి
అది వేరే విషయం. సూత్రం గురించి చెబుతున్నా.

సగం_ఉలి
నాకు దుంగ అక్కర్లేదండీ. ఒక స్టూలు.

బీచ్‌రోడ్డు
ఏ కర్రయినా ఇనుప స్క్రూలు మాత్రం వద్దు. ఈ ఉప్పు గాలికి మా బాల్కనీ బల్లకి ఒక్క వానాకాలంలోనే తుప్పు కారి నల్లటి చారలు పడ్డాయి. ఇత్తడివి వాడండి, లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి.

వరాహ_ఒడ్డు
పనస గారూ, చిన్న సందేహం. చెట్టు కోయడానికి పర్మిషన్ తీసుకున్నారా? 2002 నుంచి వాల్టా చట్టం ఉంది.

పెందుర్తి_పనస
కోసింది తుఫాను. నోటీసు దానికి పంపండి.

అసలు విషయానికొస్తాను. మేస్త్రిగారు అన్నిటికీ టేకు అనడానికి కారణం నాకు తెలుసు. మా ఇంటికి కిటికీలు చేయించినప్పుడు చూశాను. పెరట్లో మంచి కర్ర ఉంది, దాంతో చేయండంటే వచ్చిన మేస్త్రి ముట్టుకోనన్నాడు. ఫలానా డిపోలోనే టేకు తీసుకోవాలన్నాడు. తర్వాత తెలిసింది, అక్కడ అతనికి కమీషన్ ఉందని. టేకు మీద ప్రేమ అంతా అదే.

బాడిత
నా పని చూశావా? నా గురించి తెలుసా? ఎవడో ఒకడు నిన్ను మోసం చేస్తే ఉలి పట్టినవాళ్లంతా దొంగలా?

బీచ్‌రోడ్డు
ఇద్దరూ కాస్త తగ్గండి.

బాడిత
తగ్గను. అన్నాడు కాబట్టి చెబుతాను, వినండి.

2009లో పెందుర్తి దాటాక ఒకాయన ఇల్లు కట్టుకున్నాడు. సింహద్వారానికి తన పెరటి పనసే వాడాలన్నాడు. శివరాత్రి వెళ్లాక చెట్టు కొట్టించాడు. గృహప్రవేశం జ్యేష్ఠంలో. మూడు నెలలు. అంగుళం మందం ఎండడానికే ఏడాది పడుతుంది, గుమ్మానికి కావాల్సింది నాలుగంగుళాలు. చెప్పాను. ముహూర్తం ఆగదన్నాడు. చిత్రిక పడుతుంటే తురుము చేతికి చల్లగా తగులుతోంది. ఆ చల్లదనం అంటే ఏమిటో పని చేసేవాడికి తెలుసు. అయినా చేశాను, ఇంట్లో పిల్ల ఫీజు కట్టాలి.

శ్రావణం వచ్చేసరికి గుమ్మం మెలి తిరిగింది. తలుపు పడదు. మూడుసార్లు వెళ్లి తలుపు అంచు చెక్కి వచ్చాను. ఎండాకాలం వచ్చేసరికి అదే చోట వేలు దూరే సందు. ఆయన మిగతా డబ్బు ఇవ్వలేదు సరికదా, వీధిలో అందరికీ పని రాదని చెప్పాడు. చివరికి నా డబ్బుతో టేకు కొని గుమ్మం మార్చి ఇచ్చాను. 28 వేలు అయింది నాకు. కర్ర ఆయనది, ముహూర్తం ఆయనది, తప్పు నాది.

ఇక కమీషన్ మాట ఎత్తకు.

పెందుర్తి_పనస
మూడు నెలల కర్ర అయితే టేకైనా తిరుగుతుంది కదండీ. అది పనస తప్పెలా అవుతుంది?

బాడిత
టేకైతే ఆయన డిపోలో ఎండినదే కొనేవాడు. పెరట్లోది కాబట్టే పచ్చిది తెచ్చి ముందు పడేశాడు. నేను 31 ఏళ్లలో చూసిన పనసంతా పెరటి పనసే. రెండేళ్లు ఆరబెట్టి నా చేతికి ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

లంకెలపాలెం_లేత్
ఇది నిజం.

పెందుర్తి_పనస
కమీషన్ మాట అనకుండా ఉండాల్సింది. అది మా ఇంటికొచ్చిన అతని గురించి, మీకు అంటగట్టాను.

ఇందాక ఒకటి చెప్పలేదు. మేం కోయించినవి ఆరు పలకలు. రెండేళ్లు నీడలో ఉన్నా ఒకటి కొన దగ్గర అడుగు మేర చీలింది. దాన్ని ముక్కలు చేసి మూకుడు పెట్టుకునే పీట చేసుకున్నాం. ఇంకోదాంట్లో తెల్లచెక్క వైపు సన్నటి పిండి రాలితే ఆ అంచు కోసి పారేశాను. నాకేం పోలేదు, ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు కాబట్టి. ఆ పలకలే మీరు ఎవరి గుమ్మానికైనా పెట్టి ఉంటే అని ఇప్పుడే ఆలోచిస్తున్నాను.

బాడిత
ఆ చీలింది కొన దగ్గరే అంటే కొనలకి ఏమీ పూయలేదన్నమాట. కోసిన రోజే మైనమో, పాత పెయింటో పూయాలి. కొనల నుంచే తడి ముందు పోతుంది.

పెందుర్తి_పనస
పూయలేదు. అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

బాడిత
అడిగితే చెబుతారు.

లెక్కల_పిచ్చి
చదరం లెక్కలో చిన్న సవరణ. 8.1 కాదు, 8.106.

సగం_ఉలి
అందరికీ థ్యాంక్స్. మరి నా స్టూలు మాట?

బాడిత
కాళ్లకి సరిపోయే ముక్కలు నా దగ్గర మిగిలున్నాయి. టేకు చేవ, ఎనిమిదేళ్లుగా ఎండుతున్నాయి. ఆదివారం కంచరపాలెం వస్తే ఇస్తాను. ఉలులు కూడా తీసుకురా, సానపట్టడం చూపిస్తాను. పైపలకకి వెడల్పు ముక్క మాత్రం లేదు.

పెందుర్తి_పనస
పలక నా దగ్గర ఉంది. కానీ టేకు కాళ్ల మీద పెట్టడానికైతే ఇవ్వను.

సగం_ఉలి
😐