అన్నయ్యకి అడ్రినల్ గడ్డ తీశారు, ఇప్పుడు జీన్ టెస్ట్ అంటున్నారు. మేనరికం లేకపోయినా వస్తుందా?

మల్కాజ్‌గిరి చెల్లి:
అన్నయ్యకి 34 ఏళ్లండి, చాన్నాళ్లుగా ఉన్నట్టుండి గుండె దడ, తలనొప్పి, చొక్కా పిండితే కారేంత చెమట, బీపీ ఓసారి 210 చూపిస్తే కాసేపటికి మళ్లీ నార్మల్, చూసినవాళ్లంతా టెన్షన్ అనే అన్నారు. ఆఖరికి మెటానెఫ్రిన్స్ టెస్ట్‌లో (అడ్రినల్ హార్మోన్లు ఎక్కువయ్యాయా అని చూసే పరీక్ష) బయటపడింది, ఫియోక్రోమోసైటోమా అట, కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో ఆ హార్మోన్లు వదిలే గడ్డ. ముందు ఆల్ఫా బ్లాకర్ మాత్రలిచ్చి బీపీ అదుపులోకి వచ్చాకే ఆపరేషన్ చేశారు, ఇప్పుడు బాగున్నాడు. డాక్టర్‌గారు జీన్ టెస్ట్ చేయించమంటున్నారు, అమ్మేమో మనింట్లో మేనరికాలే లేవు కదే మనకెందుకొస్తాయి అంటోంది. కానీ మా బాబాయ్ చిన్న వయసులోనే హెర్నియా ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పెరిగిపోయి చనిపోయాడు, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. నాకు ఐదేళ్ల బాబున్నాడు, భయంగా ఉంది.

జెనెటిక్స్ స్టూడెంట్, ఉప్పల్:
అక్కా, అమ్మగారన్నది వేరే అడ్రినల్ జబ్బుకి సరిపోతుంది. సీఏహెచ్ అని పుట్టిన పిల్లల్లో వస్తుంది, అందులో అమ్మానాన్నలిద్దరి నుంచీ పాడైన జీన్ రావాలి, అందుకే మేనరికాల్లో ఎక్కువ. ఫియో అలా కాదు, ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ఆ జీన్ ఉన్నవాళ్ల ప్రతి బిడ్డకీ అది వచ్చే ఛాన్స్ సగం. ఈ గడ్డలు వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి పుట్టుకతోనే జీన్‌లో మార్పు ఉంటుంది. ఆ మార్పు రెట్ అనే జీన్‌లో అయితే థైరాయిడ్ క్యాన్సర్ కూడా చూడాలి, వీహెచ్‌ఎల్ అయితే కళ్లు, కిడ్నీలు, ఎస్‌డీహెచ్‌బీ అయితే గడ్డ వేరేచోటికి పాకే రిస్క్ ఎక్కువ, అందుకే ఏ జీనో తెలియడం ముఖ్యం. బాబాయ్ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. గడ్డ ఉందని తెలియకుండా మత్తిస్తే బీపీ అలాగే ఎగబాకుతుంది, అది ఫియోనే అని ఇప్పుడు తేల్చలేం కానీ చెప్పాల్సిన విషయమే.

కూకట్‌పల్లి నాన్న:
మా ఇంట్లో ఉన్నది ఎస్‌డీహెచ్‌డీ అనే జీన్‌లో మార్పు అమ్మా. ఇది విచిత్రంగా ఉంటుంది, జీన్ తండ్రి నుంచి వస్తేనే జబ్బు, తల్లి నుంచి వస్తే జీన్ ఉంటుంది గానీ జబ్బు రావడం చాలా అరుదు. మా నాన్నకి మెడలో గడ్డ, ఇదీ ఫియో కోవకి చెందిందే, నాకూ అంతే. మా మేనత్తకీ ఆ జీనే ఉంది, ఆమె కొడుక్కీ వచ్చింది, వాడు దుక్కలా ఉన్నాడు, కానీ వాడి పిల్లలకి మాత్రం టెస్ట్ చేయించాల్సిందే. మధ్యలో ఒక తరం బాగుందని మన ఇంట్లో లేదనుకోవద్దు. మావాళ్లలో కొందరు పెళ్లి సంబంధాలు పోతాయని ఈ మాటే ఎత్తనివ్వలేదు, దానికి నాకిప్పటికీ కోపమే.

జెనెటిక్స్ స్టూడెంట్, ఉప్పల్:
ఒక్కటి మర్చిపోయా అక్కా. ముందు అన్నయ్యకే చేయించండి, మీరు తొందరపడి టెస్ట్‌కి రక్తం ఇవ్వొద్దు. ఆయనకి ఏ మార్పు దొరికితే మీకు ఆ ఒక్కటే చూస్తారు, ఖర్చు బాగా తగ్గుతుంది. మీకు లేదని తేలితే మీ నుంచి బాబుకి వచ్చే ప్రశ్నే లేదు, వాడికి సూది కూడా అక్కర్లేదు. ఉంటే వాడికి ఏ వయసులో చూడాలన్నది జీన్‌ని బట్టి వాళ్లే చెప్తారు. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, అన్నయ్య బయాప్సీ రిపోర్ట్ తీసుకుని నాన్నగారిని కూడా వెంటబెట్టుకెళ్లండి, బాబాయ్ వైపు వివరాలు ఆయనకే తెలుస్తాయి కదా. ఈలోపు ఇంట్లో ఎవరికైనా దడ, చెమటలు ఉంటే జీన్ రిపోర్ట్ కోసం ఆగకుండా మెటానెఫ్రిన్స్ చేయించేయండి, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే ఈ సంగతి ముందే చెప్పండి.