అజ్ఞాత ఫిర్యాదుల యాప్: అడ్మిన్ దగ్గర తాళం ఉండాలా?

పొద్దుతిరుగుడు (ప్రశ్న):
400 మంది ఉద్యోగులున్న సంస్థకి ఫిర్యాదుల యాప్ రాస్తున్నాం. పేరు ఎవరికీ కనబడకూడదు, కానీ ఎవరైనా కావాలని బురద జల్లితే అడ్మిన్ తీసి చూడగలగాలట. ఉద్యోగి ఐడీని ఎస్‌హెచ్‌ఏ-256తో హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చి) ఫిర్యాదు పక్కన దాస్తే సరిపోతుందా? మొదట రాసిందెవరో చెప్పాలని చట్టం కూడా అంటోంది కదా? ఎవరు ఎప్పుడొచ్చారో సర్వర్ రాసుకునే లాగ్‌లు ఆపేయొచ్చా?

కృష్ణాతీరం:
మీరంటున్నది 2021 ఐటీ నిబంధనల్లోని 4(2). అది 50 లక్షలకు పైగా నమోదిత వాడుకరులున్న మెసేజింగ్ సేవలకే. వాట్సాప్ దాన్ని 2021 మేలో ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. మీ 400 మందికి దానితో పనిలేదు. లాగ్‌ల సంగతి వేరు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి. ఆపొద్దు, లాగ్‌లో మనిషి ఆనవాలు పడకుండా చూడండి.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు మాత్రం ఈ యాప్‌తో సరిపెట్టొద్దు. 2013 చట్టం కింద విచారణ మొదలవ్వాలంటే అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ మాట మొదటి తెరమీదే రాయండి.

సున్నాఒకటి:
ఆ హ్యాష్ దేన్నీ దాచదు. 400 ఐడీలకీ హ్యాష్ కట్టి పట్టిక వేసుకోడానికి ల్యాప్‌టాప్‌కి సెకను పట్టదు. ఉప్పు (సాల్ట్, హ్యాష్ కట్టేముందు చేర్చే యాదృచ్ఛిక అక్షరాలు) కలిపినా అంతే, ఆ ఉప్పూ అడ్మిన్ దగ్గరే ఉంటుంది కదా. అడ్మిన్ తీసి చూడగలిగేదాన్ని అజ్ఞాతం అని ఉద్యోగులకి చెప్పడం మోసం. నమ్మి రాసినవాళ్ల ఉద్యోగం పోతుంది.

సైట్‌ని టార్ ఆనియన్ సర్వీస్‌గా పెట్టండి, అంటే వాడేవాళ్ల చిరునామా దాచే టార్ నెట్‌వర్క్‌లోనే తెరుచుకునే సైట్. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో ప్రతి లైనూ 127.0.0.1తో, అంటే ఆ సర్వర్ సొంత చిరునామాతోనే మొదలవుతుంది. 180 రోజులు ఉంచినా అందులో మనిషి దొరకడు. కాకపోతే ఆఫీసు వైఫైలో తెరవొద్దని గట్టిగా చెప్పండి. 2013 డిసెంబరులో హార్వర్డ్‌కి బాంబు బెదిరింపు మెయిల్ పంపిన విద్యార్థి అలాగే దొరికాడు. టార్‌ని ఎవరూ ఛేదించలేదు, ఆ సమయంలో క్యాంపస్ వైఫైలో టార్ వాడినవాళ్లెవరో చూశారంతే.

ఫొటోల మెటాడేటా (తీసిన ఫోను, చోటు, సమయం లాంటివి) ఎగ్జిఫ్‌టూల్‌తో తుడవండి. పీడీఎఫ్‌కి అది చాలదు, తుడిచింది మళ్లీ వెనక్కి తీయొచ్చు. దానికి మ్యాట్2 వాడండి.

పల్లెవెలుగు:
రాసే తీరు కూడా పట్టిస్తుంది. ఎనిమిది మంది ఉన్న విభాగంలో ఒక్కరే శ్రీకాకుళం వైపు వాళ్లయితే "ఎల్లిపోనాడు" అన్న ఒక్క మాట చాలు. ఫిర్యాదుని ఉన్నదున్నట్టు మేనేజరుకి పంపొద్దు. బయటి మనిషి సారాంశం రాసి పంపాలి. తేదీ చాలు, గంట నిమిషాలు చూపించొద్దు.

పొద్దుతిరుగుడు:
అర్థమైంది. మరి ఒకరే వంద దొంగ ఫిర్యాదులు పెడితే?

సున్నాఒకటి:
బ్లైండ్ సిగ్నేచర్ (లోపలేముందో చూడకుండా పెట్టే డిజిటల్ సంతకం) వాడండి, క్రిప్టోగ్రఫీ నిపుణుడు డేవిడ్ చౌమ్ 1980ల్లోనే చెప్పిన పద్ధతి. నెలకి ఒక్కొక్కరికీ మూడు టోకెన్లు, ఫిర్యాదుకి ఒకటి. లాగిన్ అయ్యాక ఫోనులో తయారైన టోకెన్‌కి ముసుగేసి పంపితే సర్వర్ సంతకం చేస్తుంది. తర్వాత ముసుగు తీసి, లాగిన్ లేకుండా ఫిర్యాదుతో జతచేస్తారు. మన ఉద్యోగే అని సర్వర్‌కి తెలుస్తుంది, ఎవరో తెలియదు. టోకెన్ తీసుకున్న నిమిషంలోనే ఫిర్యాదు పంపితే మాత్రం రెండు సమయాలూ కలిపి పట్టేస్తారు. నెల మొదట్లోనే అందరికీ టోకెన్లు ఇచ్చేయండి.

అదనపు వివరాలు అడగడానికి, గ్లోబాలీక్స్ అనే అజ్ఞాత ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్‌లో లాగా, ఫిర్యాదు చేసినవాళ్లు తిరిగొచ్చి చూసుకునేలా 16 అంకెల రశీదు ఇవ్వండి. "రశీదు మర్చిపోయారా" అనే బటన్ పెట్టొద్దు. అది పనిచేయాలంటే ఫోన్ నంబరు దాచాల్సి వస్తుంది.