2014 ఎన్నికల్లో మన ఊర్లల్ల సోషల్ మీడియా ప్రచారం ఎట్ల నడిచింది?

దేవరకొండ స్టూడెంట్: ఎంఏ ప్రాజెక్టు కోసం అడుగుతున్న. 2014 ఏప్రిల్ 30 పోలింగ్‌కు ముందు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు 26 నియోజకవర్గాల్లో ఫేస్‌బుక్, వాట్సాప్ ఎంతవరకు పనికొచ్చినయ్? ఏ వ్యాసం చూసినా ఒబామా 2008 ముచ్చటే. ఖర్చు ఎట్ల లెక్కగట్టేటోళ్లు?

బూత్ లెక్క: ఒబామాను పక్కన పెట్టకు తమ్మీ. 2007లో ఒబామా ప్రచారపోళ్లు పెట్టిన సైటు అసలు పని పోస్టులు కాదు, మద్దతుదారుతోని వాడకట్టుల మీటింగు పెట్టించుడు, ఫోన్లు చేయించుడు. ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు ముందు ఎస్సెమ్మెస్‌లనే చెప్తమని నంబర్లు జమ చేసిన్రు. మన దగ్గర నంబర్లు జమ చేసే ఆ పని, పార్టీ నంబరుకు జనం ఇచ్చే మిస్డ్ కాల్ చేసింది. పైసా ఖర్చు లేకుండ నంబరు వస్తది, కానీ ఏ ఊరో తెల్వది. ఓటరు జాబితాల పార్టు నంబరు (ఏ బూతో చెప్పేది), వరుస నంబరు పక్కన ఫోన్ నంబరు రాసుకుంటేనే అది అక్కరకొస్తది. పాలమూరుల ఇది ఇంకా ముఖ్యం: ముంబై, పుణె వలసపోయినోళ్లకు పోలింగ్ ముందురోజు ఫోన్ చేస్తే ఏం లాభం? బస్సెక్కి రావాలె గదా, వారం ముందే చెయ్యాలె.

వాట్సాప్ గ్రూపుల అప్పుడు 50 మందే. 100 అయింది 2014 నవంబర్ల, 256 అయింది 2016ల. అంటే వెయ్యి ఓట్ల బూత్‌కు 20 గ్రూపులు. బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పోయేది) పంపుదామంటే, అవతలోళ్లు నీ నంబరు సేవ్ చేసుకోకపోతే మెసేజే పోదు.

డీటీపీ: తెలుగు లిపి తిప్పల కూడా రాయి. అప్పుడు ఫ్లెక్సీ సెంటర్లల్ల అంతా ‘అను’ అనే తెలుగు ఫాంట్లే, అన్ని ఫోన్లు, సైట్లు చదివే యూనికోడ్ కాదు. ఆ మ్యాటర్ ఫేస్‌బుక్‌ల పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు పడతయి. అందుకే ఫ్లెక్సీ డిజైన్‌నే జేపీజీ బొమ్మ చేసి పెట్టేది. అంచుల పొంటి లీడర్ల ముఖాలతోని చిన్న ఫోన్ల ఒక్క ముక్క చదవరాకపోయేది! బొమ్మల ఉన్న అక్షరాలు కాబట్టి ఇప్పుడు నువ్వు వెతికినా దొరకయి, పేజీలు ఒక్కొక్కటి తెరిచి చూడాల్సిందే.

ఎస్సెమ్మెస్ ఇంకో కథ. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక మెసేజ్‌ల 160, తెలుగైతే 70. అది దాటితే ముక్కలై, ముక్కకు 67. పైగా గుణింతం, వత్తు విడిగా లెక్కకొస్తయి: ‘నల్లగొండ’ కండ్లకు నాలుగక్షరాలు, ఫోన్‌కు 8. పది మాటల మెసేజ్ రెండు మెసేజ్‌ల ఖర్చు. అందుకే ‘mee’ అంటూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొట్టేటోళ్లు.

రిటర్నింగ్ ఆఫీస్: ఖర్చుకు 2013 అక్టోబర్ 25 నాటి ఎన్నికల సంఘం ఉత్తర్వు చదవండి. ఇంటర్నెట్ కంపెనీలకు కట్టింది, మ్యాటర్ తయారీ, ఖాతాలు నడిపేవాళ్ల జీతాలు అన్నీ అభ్యర్థి లెక్కలోకే రావాలి. 2014లో పరిమితి అసెంబ్లీకి 28 లక్షలు, లోక్‌సభకు 70 లక్షలు. డబ్బు కట్టి వేసే ప్రకటనకు ముందస్తు అనుమతి కావాలి, సొంత ఖాతాలో మామూలు పోస్టుకు అక్కర్లేదు. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం, అంటే ఫారం 26 అఫిడవిట్‌లో సోషల్ మీడియా ఖాతాల గడి ఉంటుంది, ముందు అది చూడండి. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి ఇచ్చిన ఖర్చు లెక్కతో దాన్ని పోల్చండి. ఖాతా ఉండి ఖర్చు సున్నా అని ఉంటే, ఆ పేజీ ఎవరు నడిపారో అక్కడి నుంచి వెతకాలి.