అడవి పిడుదులలో పరాన్నజీవుల జన్యుక్రమ పరీక్ష: అనుభవజ్ఞుల సలహా కావాలి

శ్రీకాకుళం జిల్లా మందస కొండల దిగువన మేతకు వెళ్ళే పశువులను దృష్టిలో ఉంచుకొని, అక్కడి పొదలపై తెల్లగుడ్డ ఈడ్చి పట్టిన పిడుదులలో థైలీరియా, బెబీసియా వంటి పరాన్నజీవులు ఉన్నాయేమో జన్యుక్రమం ద్వారా తెలుసుకోవాలని పూనుకున్నాను. (పశువుల ఒంటి నుండి తీసినవాటిని వేరుగా ఇథనాల్‌లో ఉంచాను.) జీవులను గుర్తించడానికి వాడే 18ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులో, జాతిని బట్టి మారే వీ4 భాగాన్ని పీసీఆర్‌తో (డీఎన్‌ఏకు నకళ్ళు తీసే పద్ధతితో) పెంచి చదివించగా, ఆ జన్యువు పిడుదుకూ ఉన్నందున, వచ్చిన వరుసలలో అత్యధికం దానివే అయ్యాయి, పరాన్నజీవి జాడ వాటి అడుగున పడిపోతోంది.

పిడుదు డీఎన్‌ఏకు నకళ్ళు పడకుండా అడ్డుకునే బ్లాకింగ్ ప్రైమర్ చేర్చడం మేలా, లేక పైరోప్లాస్మిడ్లకే (థైలీరియా, బెబీసియాలు చేరిన వర్గానికే) పరిమితమైన ప్రైమర్లను, అంటే నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను, ఎంచుకోవాలా? రెండవ దారిలో ట్రిపనోసోమా వంటి వేరే పరాన్నజీవి జాతులు తప్పిపోతాయని నా భయం. రక్తం తాగిన పిడుదులో డీఎన్‌ఏ కనబడినంత మాత్రాన అది వ్యాధిని వ్యాపింపజేస్తుందని చెప్పలేము గనుక, కాటుతో పరాన్నజీవి పశువులోకి చేరే దారి అయిన లాలాజల గ్రంథులను విడిగా కోసి పరీక్షించినవారు ఆ పద్ధతిని వివరించవలసిందిగా మనవి.