చీమకుర్తి పాలిషింగ్ ఫ్యాక్టరీ: అందరూ సేల్స్‌వాళ్లే అయితే కొత్త సరుకు ఎట్లా వస్తుంది?

ప్రశ్న: స్లాబ్ కటింగ్, పాలిషింగ్ యూనిట్. నలుగురు భాగస్వాములూ దాయాదులే, నలుగురిదీ సేల్సే. బ్లాక్ గెలాక్సీ (బంగారు చుక్కల నల్ల గ్రానైట్) పాలిష్ స్లాబ్ తప్ప ఇంకో సరుకు లేదు. లెదర్ ఫినిష్ (చేతికి తోలులా తగిలే ఉపరితలం) అనీ, ముక్కలతో టైల్స్ అనీ మాటలే గానీ ఏదీ గేటు దాటలేదు. బయటివాళ్లను తీసుకుంటే మారుతుందా?

జవాబు 1: బ్లౌ సూచిక, అంటే గుంపులో ఎన్ని రకాలవాళ్లున్నారో కొలిచే లెక్క, వేసి చూడండి. ఒక్కో విభాగం వాటాని వర్గం చేసి, కూడి, 1లోంచి తీసేయాలి. నలుగురూ సేల్సే కాబట్టి మీది సున్నా. ఇద్దరు సేల్స్, ఒకరు ప్రొడక్షన్, ఒకరు అకౌంట్స్ అయితే 0.625. 2009లో హుల్‌షెగర్ అనే పరిశోధకురాలి బృందం పాత పరిశోధనలు కలిపి చూస్తే కొత్తదనానికి పనికొచ్చింది ఈ పని అనుభవంలోని తేడానే. వయసు తేడాల్లాంటివాటితో అంత ఫలితం లేదు.

జవాబు 2: అన్న చెప్పింది నిజమే గానీ మనిషిని తెచ్చేస్తే సరిపోదు. డబ్బు పెట్టిన పెద్ద దాయాదులు ఒకవైపు, జీతానికొచ్చిన కుర్ర ఇంజనీర్లు ఇంకోవైపు అయితే తేడాలన్నీ ఒకే గీత మీద పడతాయి. లావ్, మర్నిఘన్ అనే పరిశోధకులు 1998లో రాసింది ఈ పగులు గురించే. రాతి దిమ్మలో హెయిర్ క్రాక్ (వెంట్రుకంత పగులు) లాంటిది, కోసేదాకా కనపడదు. అందుకని యాభై దాటిన పాలిషింగ్ మేస్త్రీని, కుర్ర అకౌంటెంట్‌ని కలిపి కూర్చోబెట్టండి. మీలో ఒకరు మూడు నెలలు మిషన్ దగ్గర ఉండండి. ఇంట్లో అన్నాల దగ్గరే నిర్ణయం అయిపోతే మాత్రం ఇదంతా దండగ.

జవాబు 3: లెదర్ ఫినిష్‌తోనే మొదలుపెట్టండి. ఐదు స్లాబులు చాలు. బ్రష్‌లు ముతక నుంచి సన్నానికి వరసగా మార్చాలి. ప్రెషర్ ఎక్కువైతే కుచ్చు వంగి పక్కతో రాస్తుంది, బ్రష్ ఊరికే అరిగిపోతుంది. ఇది మేస్త్రీకే తెలుస్తుంది. చెయ్యి వేస్తే ఎట్లా ఉండాలో సేల్స్‌వాళ్లు చెప్పాలి, చదరపు అడుగుకి బ్రష్ ఖర్చెంతో అకౌంటెంట్ చెప్పాలి. ఎంత ఖర్చు దాటితే ఆపాలో ముందే రాసుకోండి. ప్రతి స్లాబుకీ బ్రష్ నంబరు, బెల్ట్ స్పీడు నోటుబుక్కులో పడాలి, లేకపోతే బాగా వచ్చినదాన్ని రెండోసారి తేలేరు.

ప్రశ్నించినవారు: మేస్త్రీకి వాటా ఇవ్వాలా?

జవాబు 2: అక్కర్లేదు. భాగస్వామిగా చేర్చాలంటే 1932 భాగస్వామ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం, మీ డీడ్‌లో (భాగస్వామ్య ఒప్పందంలో) వేరేగా రాసుకోకపోతే, అందరూ ఒప్పుకోవాలి. దానికి ముందు ట్రయల్ ఖర్చు మీద సంతకం ఆయన చేతికివ్వండి. బ్రష్ కొనడానికి నలుగురినీ అడగాల్సొస్తే ఆయన రెండోసారి నోరు తెరవడు.