మనసు చచ్చి వదిలేసిన లెక్చరర్ ఉద్యోగానికి అప్పుల కోసం మళ్లీ వెళ్లడం తప్పా?

వైరా మాస్టారు

అందరికీ నమస్కారం. పది రోజులుగా మా ఇంట్లో ఇదే మాట నడుస్తోంది, ఎటూ తేలడం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

మాది ఖమ్మం జిల్లా, వైరా దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. 2013 జూన్ నుంచి 2021 డిసెంబరు వరకు హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో పనిచేశాను. మొదటి నాలుగేళ్లు ఇష్టంగానే చేశాను. పొద్దున 6 గంటల స్టడీ అవర్ నుంచి రాత్రి 10 దాకా క్యాంపస్‌లోనే ఉన్నా అలసట తెలిసేది కాదు. తర్వాత రెండు పనులు నన్ను తినేశాయి.

ఒకటి అడ్మిషన్ల టార్గెట్. సంక్రాంతి వెళ్లిందంటే టెన్త్ పిల్లల ఇళ్ల చుట్టూ తిరగాలి. షెడ్యూలు రాకముందే అడ్మిషన్లు తీసుకోవద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది, మేం అప్పటికే అడ్వాన్సులు పట్టుకుని ఉంటాం. ఖమ్మం వైపు నుంచి ఏటా పదిహేను మందిని తేవాలని నాకు లెక్క పెట్టారు.

రెండోది సెక్షన్ల మార్పు. వీకెండ్ టెస్టు మార్కులు సోమవారం పొద్దున నోటీసు బోర్డు ఎక్కేవి. మార్కులు తగ్గిన పిల్లలు కింది సెక్షన్‌కు పోవాలి. కింది సెక్షన్ అంటే బ్లాకు వేరు, హాస్టల్ గది కూడా వేరు. ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో బకెట్టు, భుజం మీద పరుపు చుట్ట. అలా మెట్లు దిగేవాళ్లు. 2021 నవంబరులో ఒకబ్బాయి మెట్ల మీద నా దగ్గర ఆగి, "సార్, ఆ సెక్షన్‌కు మీరు రారా?" అని అడిగాడు. రానన్నాను. తలూపి, బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని దిగిపోయాడు. ఆ వారం ఫిజిక్స్ లిస్టు టైపు చేసి ఇచ్చింది నేనే. ఆ నెలాఖరుకే రాజీనామా రాశాను.

ఊరొచ్చి, పీఎఫ్ తీసి, పైన అప్పు చేసి ఆరు ముర్రా గేదెలు తెచ్చాను. అందులో ఒకటి చనిపోయింది. రెండింటికి పొదుగువాపు వచ్చి పాలు సగానికి పడిపోయాయి. మిగతా మూడే సరిగ్గా పాలిచ్చేవి, తర్వాత అన్నీ ఒకేసారి ఎండిపోయాయి, దాణా మాత్రం అన్నిటికీ పెట్టాలి. ఇప్పుడు ఊళ్లో 6 లక్షల అప్పుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. బంగారం మీద ఇంకో రెండున్నర లక్షలు.

పాత కాలేజీ డీన్ ఫోన్ చేశారు. జూన్ 1 నుంచి రమ్మంటున్నారు, నెలకు 65 వేలు. మా నాన్న వెళ్లమంటున్నాడు, మా ఆవిడ వద్దంటోంది. వెళ్లడం తప్పా?

కూకట్‌పల్లి కుర్రాడు

అన్నా, నెలకు 12 వేలు వడ్డీ కడుతూ తప్పా ఒప్పా అని ఆలోచించే టైమ్ ఎక్కడుంది? నేను నైట్ షిఫ్ట్ సపోర్ట్ జాబ్ మానేసి కర్రీ పాయింట్ పెట్టాను. ఏడాదిన్నరలో మూతపడింది. మళ్లీ అదే షిఫ్ట్, అదే హెడ్‌సెట్. మొదటి వారం క్యాబ్ ఎక్కుతుంటే ఏడుపొచ్చింది. అప్పు తీరాక నిద్ర పట్టింది. వెళ్లండి.

పాత ఎంపీసీ

కుర్రాడు గారూ, మీ హెడ్‌సెట్ వల్ల ఇంకొకరి పిల్లాడికి నష్టం లేదు. మాస్టారు బాధ అది కాదు. తనకు పని నచ్చకపోవడం ఒకటి, ఆ పని వల్ల పిల్లలు నలగడం ఇంకొకటి.

అలా ట్రంకు పెట్టె మోసుకుని మెట్లు దిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఊరు వేరు, కాలేజీ వేరు, మెట్లు మాత్రం అవే. ఇంటికి ఫోన్ చేసే ఆదివారం నాన్న మొదట అడిగేది "ఏ సెక్షన్‌లో ఉన్నావురా?" అనే. అన్నం తిన్నావా అని అడిగేలోపు నా పది నిమిషాలు అయిపోయేవి. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, బాగానే ఉన్నాను. అయినా సోమవారం పొద్దున కడుపులో ఏదో తిప్పుతుంది, ఈ వయసులో కూడా.

సార్, మీరు తప్పని తెలుసుకుని బయటికొచ్చారు. తెలియక చేసినదానికి క్షమాపణ ఉంటుంది. తెలిసి మళ్లీ ఆ లిస్టు ఎలా టైపు చేస్తారు?

నల్గొండ టీచరమ్మ

తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఈ ప్రశ్న వేయడానికి అప్పులేని ఇల్లు కావాలి.

నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. 2020 మార్చిలో బడులు మూసేశాక జీతం ఆగిపోయింది. మిషను కుట్టాను, పచ్చళ్లు పెట్టి అమ్మాను. మాతో చేసిన లెక్కల సారు ఉపాధి హామీ పనికి వెళ్లాడు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటిస్తే, ఆ బియ్యం తెచ్చుకోవడానికి రేషన్ షాపు ముందు నిలబడ్డాను. వరుసలో నా పాత విద్యార్థి తల్లి ఉంది. "టీచర్, ముందుకు రండి" అని చోటిచ్చింది. ఆ రోజే అనుకున్నాను, మళ్లీ బడి గడప తొక్కనని. ఆరు నెలలు కాకముందే తొక్కాను, తక్కువ జీతానికి. మా అమ్మాయి ఫీజు నేను కట్టకపోతే ఎవరు కడతారు?

ఇంకో మాట. మాస్టారు మానేసినంత మాత్రాన ఆ కాలేజీలో లిస్టు ఆగిందా? ఇంకెవరో టైపు చేశారు. ఆయనలా గుర్తుపెట్టుకునే మనిషి ఒక్కడున్నా ఆ పిల్లలకు మేలే కదా?

వైరా మాస్టారు

మేడమ్, మీ మాట కాదనలేను. కానీ చివర అన్న మాట ఒక్కటి నాకు భయం. "నేను లేకపోతే ఈ పిల్లలకు ఎవరున్నారు" అని నాకు నేనే చెప్పుకుంటూ నాలుగేళ్లు ఎక్కువ ఉండిపోయాను. ఆ మాట వల్ల పిల్లలకేం ఒరిగిందో తెలియదు, నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టేది. నా ఉద్యోగం నిలిచింది. వెళ్తే డబ్బు కోసమే వెళ్తున్నానని నాకు నేను చెప్పుకుని వెళ్లాలి. ఆ సాకు మాత్రం ఈసారి పెట్టుకోను.

పాడి రైతు మధిర

మాస్టారూ, మీకు పనికొస్తుందని చెబుతున్నాను, మనసులో పెట్టుకోకండి. మీ డెయిరీ దెబ్బతిన్నది గేదెల వల్ల కాదు. ఆరు గేదెలనూ ఒకేసారి కొన్నారు, అన్నీ ఒకేసారి ఎండిపోయాయి. రెండు రెండుగా, మూడు నాలుగు నెలల తేడాతో కొనాలి. పచ్చిగడ్డి సొంతంగా ఎంత వేశారు? గడ్డి కూడా కొనుక్కుంటే ఎవరికీ మిగలదు. పాలు సెంటర్‌లో పోస్తే వెన్న శాతం చూసి కడతారు. వైరా టౌన్లో ఇళ్లకు పోస్తే లీటరుకు ఎంత తేడా వస్తుందో మీకు నేను చెప్పాలా?

ఒక గేదెను ఉంచుకోండి, మిగతా నాలుగూ అమ్మి అప్పు తగ్గించండి. ఊళ్లోనే ఉండి టెన్త్, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్పండి. హైదరాబాద్ వెళ్లాల్సిన పనేముంది?

వైరా మాస్టారు

గడ్డి అరెకరమే వేశాను. అన్నీ ఒకేసారి కొన్నది కూడా నిజమే. ట్యూషన్ నిరుడు మొదలుపెట్టాను. తొమ్మిది మంది వచ్చారు, నలుగురు ఫీజు కట్టారు. మిగతా ఐదుగురి ఇళ్ల పరిస్థితి నాకు తెలుసు, అడగలేకపోయాను.

డిగ్రీ కాలేజ్ రోడ్

గెస్ట్ లెక్చరర్‌గా ప్రయత్నించారా సార్? ప్రభుత్వ జూనియర్ కాలేజీలో టార్గెట్లూ ఉండవు, ఈ సెక్షన్ల మార్పులూ ఉండవు. నేను చేసినప్పుడు పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లు మించకూడదు. అన్నీ తీసుకుంటే 28,080 వచ్చేది. పిల్లలు మాత్రం ప్రాణం పెడతారు. చిక్కేమిటంటే నేను చేసిన చోట బిల్లు మూడు నెలలకోసారి వచ్చేది, వేసవిలో ఏమీ ఉండదు.

పర్మనెంట్ జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టు కోసం చూద్దామంటే, 2022 డిసెంబరులో 1,392 పోస్టులకు నోటిఫికేషన్ పడింది, నియామక పత్రాలు చేతికొచ్చింది 2025 మార్చిలో. మీ వడ్డీ అంత కాలం ఆగదు.

పాత ఎంపీసీ

టీచరమ్మ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. అప్పులేని ఇల్లు అన్నారు. నిజమే, నా చదువుకు మా నాన్న అమ్మిన ఎకరం తిరిగి రాలేదు, అయినా ఈ రోజు నాకు అప్పు లేదు. ఆ వరుసలో నేను నిలబడలేదు. మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడి ఉంటే క్షమించండి.

కానీ ఒకటి అడుగుతాను. మా నాన్న ఎకరం అమ్మింది ఎవరి మాట విని? మా ఇంటికొచ్చి, మా అమ్మ చేతి టీ తాగి, "మీ అబ్బాయికి ఐఐటీ గ్యారంటీ" అన్న ఒక లెక్చరర్ మాట విని. ఆయనకూ టార్గెట్ ఉండే ఉంటుంది, అప్పూ ఉండే ఉంటుంది. ఆయన మంచివాడే. ఆయన మీద నాకిప్పటికీ కోపం లేదు, కానీ మా ఎకరం పోయింది. మాస్టారు పాఠం చెప్పడానికి వెళ్తే నేను కాదనను. ఇంకో ఇంటికెళ్లి టీ తాగి అబద్ధం చెప్పడానికైతే మాత్రం వద్దంటాను. వెళ్లినా ఆ పని చేయనని చెప్పండి సార్. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

నల్గొండ టీచరమ్మ

ఈ మాట ఒప్పుకుంటున్నాను తమ్ముడూ. నేను తిరిగి వెళ్లినప్పుడు ఏ షరతూ పెట్టలేదు. పెట్టవచ్చని తోచనే లేదు. కాళ్లు పట్టుకున్నట్టు వెళ్లాను. మాస్టారికి వాళ్లే ఫోన్ చేశారు. ఆ తేడా వాడుకోవాలి.

లెక్కల ఖాతా

భావాలు సరే, కాస్త లెక్క చూద్దాం. 65 వేలలో పీఎఫ్ 1,800 పోతే చేతికి 63,200. భోజనం, గది క్యాంపస్‌లోనే అనుకుంటే మీ ఖర్చు 8 వేలు. ఊళ్లో ఇంటికి 20 వేలు. మిగిలేది 35,200. మొత్తం అప్పుకే కడితే, రెండు రూపాయల వడ్డీ మీద 6 లక్షలు తీరడానికి దాదాపు 21 నెలలు పడుతుంది. అంటే రెండు అకడమిక్ ఇయర్లు.

ఇప్పుడు రైతుగారి మాట కలపండి. నాలుగు గేదెలు అమ్మితే 2 లక్షల 40 వేలు వస్తాయనుకుందాం. అప్పు 3 లక్షల 60 వేలకు దిగుతుంది. అదే 35,200 కడితే 12 నెలల్లో తీరిపోతుంది. జూన్‌లో చేరి మే నెలలో బయటపడవచ్చు. బంగారానికి ఈలోపు వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోండి, పాల డబ్బుతో అది నడుస్తుంది. గేదెలు అమ్మకుండా వెళ్తే రెండేళ్లు, అమ్మి వెళ్తే ఒక్క ఏడాది. అసలు తేడా అక్కడుంది.

ఇంకొకటి. పీఎఫ్ తీశానన్నారు. అప్పుడు పీఎఫ్ డబ్బు కోసం పెట్టే ఫారం 19 ఒక్కటే పెట్టారా, పెన్షన్ డబ్బు కోసం పెట్టే 10సీ కూడా పెట్టారా? 10సీ పెట్టి పెన్షన్ డబ్బు తీసుకుని ఉంటే ఆ ఎనిమిదిన్నరేళ్ల సర్వీసు పోయినట్టే. తీసుకోకపోతే అది అలాగే ఉంటుంది. పదేళ్లు నిండితే 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్ వస్తుంది. మీ పాత పీఎఫ్ నంబరే (యూఏఎన్) కొత్త చోట ఇవ్వండి.

వైరా మాస్టారు

ఫారం 19 ఒక్కటే పెట్టాను. రెండోది అప్పట్లో ఏదో కారణంతో రిజెక్ట్ అయితే విసుగొచ్చి వదిలేశాను. మీరు చెప్పేదాకా అది మంచికే జరిగిందని తెలియదు.

సిద్దిపేట అక్క

అందరూ లెక్కలు వేస్తున్నారు. మీ ఆవిడ ఎందుకు వద్దంటోందో ఎవరూ అడగలేదే?

వైరా మాస్టారు

అక్కా, అడిగినందుకు సంతోషం. ఆ ఉద్యోగంలో చివరి ఏడాది నేను ఇంట్లో మాట్లాడటం మానేశాను. మా పాప యూకేజీలో ఉండేది. పలక మీద అంకెలు తప్పు రాసిందని ఒకసారి దాన్ని లేపి గోడ పక్కకు మార్చి కూర్చోబెట్టానట. నాకు గుర్తు లేదు. మా ఆవిడకు గుర్తుంది. "అప్పు నేను భరిస్తా, ఆ మనిషిని మళ్లీ భరించలేను" అంటోంది.

సిద్దిపేట అక్క

అయితే ఆమె షరతు కూడా రాసుకోండి. వారానికోసారి ఇంటికి రావాలి, ఆదివారం టెస్టు డ్యూటీ పడినా సరే. మళ్లీ ఆ లక్షణాలు కనిపించి ఆమె "ఇక చాలు" అంటే, ఆ నెలే వచ్చేయాలి, అప్పు ఎంత మిగిలినా. ఆమె మాటకు ఆ విలువ ఇస్తానంటే వెళ్లండి. ఇవ్వలేనంటే నా ఓటు మీ ఆవిడకే.

పాత ఎంపీసీ

అక్కా, నా ఓటు కూడా.

వైరా మాస్టారు (నాలుగు రోజుల తర్వాత)

డీన్‌తో మాట్లాడాను. మూడు అడిగాను. అడ్మిషన్లకు తిరగను, ఎవరి ఇంటికీ వెళ్లను. సెక్షన్ల లిస్టు నా చేత్తో చేయను. టాప్ బ్యాచ్‌తో పాటు కింది సెక్షన్ ఒకటి నాకివ్వాలి.

మొదటిదానికి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే 65 కాదు, 56 ఇస్తాం" అన్నారు. లెక్కల ఖాతా గారూ, నేనే వేసుకున్నాను, పన్నెండు నెలలది పదహారు దాటుతుంది. సరేనన్నాను. లిస్టు కంప్యూటర్ సెక్షన్‌లో చేయిస్తామన్నారు. నా చేత్తో చేయనంత మాత్రాన ఎంపీసీ తమ్ముడు మెచ్చుకోడని తెలుసు, లిస్టు ఉండనే ఉంటుంది. దాన్ని ఆపే శక్తి నాకు లేదు. మూడోది వెంటనే ఒప్పుకున్నారు, కింది సెక్షన్లకు సీనియర్లు ఎవరూ వెళ్లరట.

ఇదంతా ఆఫర్ లెటర్‌లో రాసివ్వమన్నాను. కనీసం మెయిల్ అయినా పెట్టమన్నాను. ఇంకా రాలేదు. రాకపోతే చేరనని మా నాన్నకు చెప్పేశాను, రెండు రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు.

మూడు గేదెలకు బేరం కుదిరింది. నాలుగోది చూడితో ఉంది, మా ఆవిడ అమ్మనివ్వలేదు. రైతుగారూ, దానికి ఏడో నెల. ఎండలు ముదిరాయి, రోజుకు ఎన్నిసార్లు కడగాలో, దాణా ఎంత పెంచాలో కాస్త వివరంగా రాయండి. ఇక చూసుకునేది ఆమే.

పాడి రైతు మధిర

ఎండలు తగ్గేదాకా రోజుకు రెండుసార్లు కడగండి, మధ్యాహ్నం తడి గోనెపట్టా కప్పండి. పాలు ఇప్పుడే ఎండగట్టేయండి, ఈనేదాకా రెండు నెలలైనా పొదుగుకు విశ్రాంతి ఉండాలి. దాణా ఒకేసారి పెంచకండి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఈనే వారం ముందు చెల్లెమ్మను నాకు ఫోన్ చేయమనండి, నేనే వైరా వస్తాను.