కల్లు మానగానే మనిషి మనిషిలా ఉండటం లేదు: నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు సరైన మానసిక వైద్యుడిని ఎలా వెతుక్కోవాలి?

ప్రశ్న: దేవరకొండ_తమ్ముడు

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా పెద్దన్నకు నలభై అయిదేళ్లుంటాయి, మేస్త్రీ పని చేస్తాడు. చాలా ఏళ్లుగా పొద్దున లేవగానే కల్లు కంపౌండుకు పోవడం, సాయంత్రం మళ్లీ పోవడం, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజున మందు కూడా తాగడం ఆయనకు అలవాటైపోయింది. ఈ మధ్య ఇంట్లో అందరం గట్టిగా పట్టుబడితే ఒప్పుకొని నిజంగానే మానేశాడు. మానిన మరునాటికే చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు పట్టడం మొదలైంది. ఆ తర్వాతి రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ తెల్లవార్లూ చేత్తో దులుపుతూనే ఉన్నాడు. మాకు భయం వేసి కల్లు తెప్పించి ఇస్తే నెమ్మదించాడు.

తాగుతున్న రోజుల్లోనూ మనసు కుదురుగా ఉండదు. వదినను అకారణంగా అనుమానిస్తాడు, ఒంటరిగా కూర్చొని ఏడుస్తాడు, తాను ఉండి ఎవరికి లాభమని అంటాడు. అమ్మ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుందామంటోంది. బంధువులు ఒక డీ-అడిక్షన్ సెంటర్ నంబరు ఇస్తే ఫోన్ చేశాను. డబ్బు ముందుగా కడితే బండిలో మనుషులను పంపి తీసుకెళ్తామని, మూడు నెలల దాకా ఇంటివాళ్లెవరూ చూడటానికి రాకూడదని చెప్పారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఇది తాగుడు జబ్బా, మానసిక జబ్బా, ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి, వాళ్లు సరైనవాళ్లో కాదో ఎలా తెలుసుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: మనోవైద్య_పీజీ

ముందుగా అత్యవసరమైన విషయం చెబుతాను. సైకియాట్రిస్టు చూసేదాకా మీ అన్నను ఇంట్లో పెట్టి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం మళ్లీ చేయకండి. వైద్యుడి దగ్గరికి వెళ్లడం కూడా వచ్చే నెలకు వాయిదా వేయకండి, ఈ వారంలోనే తీసుకెళ్లండి. మీరు రాసిన లక్షణాలు మొండితనం వల్లనో గాలి సోకడం వల్లనో వచ్చినవి కావు, రోజూ ఒంట్లోకి వెళ్తున్న మత్తు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు మెదడు అదుపు తప్పడం వల్ల వచ్చినవి. మద్యం మానినవారిలో ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. మనుషులను గుర్తుపట్టలేకపోవడం, వేళాపాళా తెలియకపోవడం, లేనివి కనిపించడం 2 నుంచి 4 రోజుల మధ్య ముదురుతాయి. దీనిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణానికే ముప్పు. ఆయన ఇప్పటికే ఆ అంచు దాకా వెళ్లి వచ్చినట్టు మీ వర్ణన చెబుతోంది. ఫిట్స్ వచ్చినా, తెలివి తప్పినట్టు మాట్లాడినా వెంటనే 108కు ఫోన్ చేయండి.

మన జిల్లాల్లో దీనికి ఇంకొక చిక్కు తోడవుతుంది. చెట్టు నుంచి దింపిన ఈత కల్లులోగానీ తాటి కల్లులోగానీ ఆల్కహాలు తక్కువే ఉంటుంది. కంపౌండ్లలో అమ్మే కల్లులో మాత్రం అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతున్నారని ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. కాబట్టి మీ అన్న శరీరం కల్లుకు మాత్రమే కాదు, నిద్రమాత్రల మందుకు కూడా అలవాటు పడి ఉండవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటి వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో వచ్చినవారి తాకిడి ఒక్కసారిగా పెరగడానికి కారణం ఇదే. మద్యం ఒక్కటే అయితే క్లోర్‌డయాజిపాక్సైడ్‌గానీ, కాలేయం దెబ్బతిన్నవారికి లోరాజిపాంగానీ ఇచ్చి కొన్ని రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. అల్ప్రాజోలం అలవాటైన మనిషికి అదే పని వారాల తరబడి, మోతాదును కొంచెం కొంచెంగా దించుతూ చేయాలి. అందుకే డాక్టరును కలిసినప్పుడు మద్యం సంగతి చెప్పి ఊరుకోకుండా, కంపౌండు కల్లు ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నాడో తప్పకుండా చెప్పండి. ఈ లోపల ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ పెట్టించవద్దు. ఏళ్ల తరబడి తాగినవారిలో బి1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. గ్లూకోజుకు ముందు అది ఇవ్వకపోతే మెదడుకు శాశ్వతంగా నష్టం జరిగే ప్రమాదం ఉంది.

ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు నా సమాధానం: నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుబంధమైన జనరల్ ఆసుపత్రిలోని సైకియాట్రీ ఓపీ. మహబూబ్‌నగర్ వైపు వారికి అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. ఓపీ చీటీ ఉదయం పూటే రాయించుకోవాలి. బీబీనగర్ ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ విభాగం ఉంది. పరిస్థితి చేయి దాటితే ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్లవచ్చు. నల్లగొండ నుంచి వచ్చే బస్సును ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కితే ఎర్రగడ్డ స్టేషన్ అదే లైన్‌లో వస్తుంది, మధ్యలో రైలు మారే పని లేదు. బయలుదేరే ముందే ఒక మాట అడగాలనుకుంటే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్, రాత్రి పగలు తెలుగులోనే మాట్లాడతారు. మత్తు విషయాలకే ప్రత్యేకించిన జాతీయ నంబరు 14446.

తాగుడు జబ్బా, మానసిక జబ్బా అన్నది మొదటి రోజే తేలదు. తాగుడు వల్ల దిగులు, అనుమానం రావచ్చు. దిగులును మరిచిపోవడానికే తాగుడు మొదలై ఉండవచ్చు. మత్తు పూర్తిగా దిగి నెల రోజులు గడిచాక కూడా ఆ దిగులు మిగిలి ఉంటే దానికి వేరుగా మందులు వాడాల్సి ఉంటుంది. అందువల్ల రెండింటినీ ఒకేచోట చూడగలిగిన సైకియాట్రిస్టు మీకు కావాలి. తాగుడు సంగతి మరొకచోట చూపించుకొని రమ్మనేవారి దగ్గర ఆగకండి.

జవాబు: పాలమూరు_అక్క

తమ్ముడూ, మా ఇంట్లో ఇదే కష్టం పడ్డాం కాబట్టి రాస్తున్నాను. మా ఆయనను మొదట ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్పించాం. ఆ సంస్థ పేరు రాయను. అక్కడ డాక్టరు ఎప్పుడు వస్తారని అడిగితే ఒకరు వారానికోసారి అన్నారు, ఇంకొకరు అవసరమైతే పిలుస్తామన్నారు. మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవారే తప్ప వాటి పేరు ఎక్కడా రాసి ఉండేది కాదు. గది తలుపుకు బయటి నుంచి గొళ్లెం ఉండేది. ఇంటికి వచ్చాక ఆయన కొన్నాళ్లు తాగలేదు గానీ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, మళ్లీ కంపౌండు దారి పట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాం. అక్కడి డాక్టరమ్మ ఆయనను రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచి, అది ఎంత అదురుతోందో చూసింది. కాగితం రెపరెపలాడుతుంటే ఆయన కూడా దానినే చూస్తూ ఉండిపోయాడు. తన ఒంట్లో ఏదో జరుగుతోందని ఆయన మొదటిసారి ఒప్పుకున్నది అప్పుడే, మేము చెప్పిన వేయి మాటలకు కాదు. వార్డులో ఉంచుకొని, కాలేయం పరీక్షలు చేయించి, మాత్రలు తగ్గించుకుంటూ వచ్చారు. ఇంటికి పంపేటప్పుడు మాత్రలు ఆయన చేతికి ఇవ్వకుండా నాకిచ్చి, ఏ పూటకు ఆ పూట లెక్కపెట్టి ఇవ్వమన్నారు. నేను బియ్యం డబ్బాలో దాచి ఇచ్చేదాన్ని, ఎందుకంటే ఆ మాత్రలకూ అలవాటు పడే ప్రమాదం ఉంది.

సెంటర్‌లన్నీ చెడ్డవని నేననను. మత్తు దిగాక కొంతకాలం ఊరికి, స్నేహితులకు దూరంగా ఉండటం కొందరికి మేలు చేస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సహాయంతో స్వచ్ఛంద సంస్థలు ఉచితంగా నడిపే కేంద్రాలు కూడా ఉన్నాయి, 14446లో అడిగితే దగ్గరలోని వాటి వివరాలు చెబుతారు. అయితే ముందు డాక్టరు, తర్వాతే సెంటర్. ఇంటివాళ్లను రావద్దన్నవాళ్లకు మాత్రం మనిషిని అప్పగించకు తమ్ముడూ.

అమ్మ దర్గాకు తీసుకెళ్తానంటే కాదనకు. ఆమె మొక్కు ఆమె తీర్చుకుంటుంది. మాత్రల వేళ తప్పకుండా చూసుకుంటే చాలు.

జవాబు: న్యాయసహాయకుడు_సూర్యాపేట

చట్టం సంగతి కొంచెం చెబుతాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మానసిక అనారోగ్యం అన్న నిర్వచనంలోనే మద్యం, మత్తుపదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా ఉన్నాయి. కనుక ఇలాంటి రోగులను ఉంచుకొని చికిత్స చేసే సంస్థ ఆ చట్టం కింద నమోదై ఉండాలి. ఆ నమోదు పత్రం చూపించమని అడగడం మీ హక్కు. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. మనిషి తనంతట తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే 89వ సెక్షన్ ప్రకారం, అతని నామినేటెడ్ ప్రతినిధి, అంటే అతని తరఫున చట్టం గుర్తించే మనిషి, దరఖాస్తు మీద, ఒక సైకియాట్రిస్టుతో పాటు మరొక మానసిక ఆరోగ్య నిపుణుడుగానీ డాక్టరుగానీ విడివిడిగా పరీక్షించిన తర్వాతే చేర్చుకోవాలి, అది కూడా మొదట 30 రోజులకు మించకూడదు. మనుషులను పంపి బండిలో ఎత్తుకెళ్లి మూడు నెలలు ఎవరికీ చూపించకుండా ఉంచడానికి ఈ చట్టంలో చోటు లేదు.

బోర్డు మీది డిగ్రీ కూడా చూడండి. ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీగానీ, డీఎన్‌బీగానీ, డీపీఎంగానీ ఉండాలి. ఆ డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు కౌన్సెలింగ్ చేస్తారు, వారి అవసరమూ ఉంటుంది, కానీ వారు మందులు రాయరు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రమే ఉన్నచోట మత్తు దించే వైద్యం జరగదని గుర్తుంచుకోండి.

దేవరకొండ_తమ్ముడు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం నల్లగొండ తీసుకెళ్దామని ఇంట్లో అనుకున్నాం. అయితే అన్న 'నేనేమన్నా పిచ్చోడినా' అని ఎదురు తిరుగుతున్నాడు. మా మేనమామ ఒక పొడి తెచ్చాడు, తెలియకుండా అన్నంలో కలిపి పెడితే కల్లు వాసనే గిట్టదని అమ్మినవాళ్లు చెప్పారట. దాని మీద మీ అభిప్రాయం చెప్పండి.

జవాబు: మనోవైద్య_పీజీ

ఆ పొడి పెట్టవద్దు. గోడల మీద రాతలు రాసి అమ్మే ఇలాంటి మందుల్లో ఏముందో ఎవరూ చెప్పలేరు. అందులో డైసల్ఫిరామ్ కలిసి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి, బీపీ పడిపోయి ప్రాణాపాయం కూడా కలగవచ్చు. మేము దానిని రాసినా, రోగికి అంతా వివరించి, ఆయన ఒప్పుకొని, తాగడం మానేసిన తర్వాతే మొదలుపెడతాం. కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి వేరే మందులు కూడా ఉన్నాయి. కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసి ఏది పనికొస్తుందో డాక్టరు నిర్ణయిస్తారు.

పిచ్చి అన్న మాట దగ్గర వాదించకండి. ఆయనను బాధపెడుతున్నది నిద్ర లేకపోవడం, చేతుల వణుకు. మేస్త్రీకి తాపీ పట్టిన చేయి వణికితే పని పోతుంది, ఆ దిగులు ఆయనకూ ఉంటుంది. వణుకు తగ్గడానికి, కంటి నిండా నిద్ర పట్టడానికి వెళ్తున్నామని చెప్పండి, అది నిజం కూడా. పొద్దున కొంత నెమ్మదిగా ఉన్న వేళ, ఆయన మాట వినే మనిషి ఒకరు చెబితే మంచిది. అప్పటికీ రానంటే మీరు, మీ వదిన వెళ్లి డాక్టరుతో మాట్లాడి రావచ్చు, తర్వాత ఏం చేయాలో వారు చెబుతారు.

తాను ఉండి లాభం లేదన్న మాటను తేలికగా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే ఈ రోజే పక్కింట్లోనో, తాళం వేసిన చోటనో పెట్టించండి. వదినను అనుమానించి కొట్టే పరిస్థితి వస్తే ఆమె రాత్రిపూట వెళ్లి ఉండటానికి ఒక ఇల్లు ముందే మాట్లాడి పెట్టండి, మహిళల సహాయ నంబరు 181 ఆమె దగ్గర ఉండాలి.

సోమవారం వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు, ఆధార్ కార్డు పట్టుకెళ్లండి. ఆ పొడి పొట్లాన్ని కూడా పారేయకుండా డాక్టరుకు చూపించండి. వదినను వెంట తీసుకెళ్లి, ఆమెతో కొంతసేపు విడిగా మాట్లాడమని డాక్టరును అడగండి, ఇంట్లో రాత్రిళ్లు జరిగేదంతా అన్న ముందు ఆమె చెప్పలేకపోవచ్చు.